ఎడారి నడకలో నీళ్ళు: ఎంత మోయాలి, ఎలా వడగట్టాలి

మన సంఘాల్లో అనేక కుటుంబాల పిల్లలు అమెరికాలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులు వస్తే వీపున సంచి వేసుకుని కొండల్లో, ఎడారుల్లో రోజుల తరబడి నడవడం అక్కడ చాలామందికి అలవాటు. "మా అబ్బాయి ఎడారిలో వంద మైళ్ళు నడుస్తాడటండీ, ఏమీ కాదుగా?" అని అడిగే తల్లిదండ్రుల కోసం ఈ పాఠం. నడక ఆరోగ్యానికి మంచిదే. ఎడారిలో భయపడవలసింది నీళ్ళ లెక్క తప్పడం గురించి.

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే కాలిబాటను చూడండి. మెక్సికో సరిహద్దులో కాంపో అనే చిన్న ఊరి దగ్గర మొదలై కెనడా సరిహద్దు వరకు 2,650 మైళ్ళు, అంటే సుమారు 4,260 కిలోమీటర్లు సాగుతుంది. అందులో మొదటి 700 మైళ్ళు దక్షిణ కాలిఫోర్నియాలోని ఎడారి, ఎండు కొండలు. కాంపో నుండి లేక్ మొరేనా అనే చెరువు దాకా 20 మైళ్ళు. మధ్యలో ఉన్న హౌజర్ క్రీక్ వాగు తరచుగా ఎండిపోయి ఉంటుంది. ఇంకా ముందుకు వెళ్తే సిజర్స్ క్రాసింగ్ నుండి బ్యారెల్ స్ప్రింగ్ అనే ఊట వరకు 24 మైళ్ళు, దాదాపు 39 కిలోమీటర్లు, నమ్మదగిన ఊట గాని వాగు గాని లేదు. మధ్యలో ఒకచోట స్వచ్ఛంద సేవకులు నీళ్ళ డబ్బాలు పెడుతుంటారు. వారిని దేవుడు దీవించును గాక! కాని ముందు వెళ్ళినవారు ఆ డబ్బాలు ఖాళీ చేసి ఉండవచ్చు. వాటిని లెక్కలో వేసుకోకూడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున 39 కిలోమీటర్లకు పదకొండు గంటలు. చల్లని పూట గంటకు అర లీటరు చాలవచ్చు, ఎండలో ఎక్కుడు దారిలో లీటరు కూడా చాలదు. ఎండ ముదరక ముందే చాలాదూరం నడిచినా ఐదున్నర లీటర్లు కావాలి. రాత్రి వంటకు, పొద్దుటికి, అనుకోని ఆలస్యానికి కలిపితే ఏడు లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు. ఏడు కిలోలంటే మన ఇంట్లో ఆరేడు నెలల బిడ్డను వీపున మోసినంత! అందుకే అనుభవజ్ఞులు తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరి, పదకొండు నుండి నాలుగు వరకు నీడన పడుకుంటారు. నీళ్ళ బరువు తగ్గించుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. బయలుదేరే ముందు ఊట దగ్గరే అర లీటరో లీటరో నెమ్మదిగా తాగాలి. నీళ్ళన్నీ ఒకే సంచిలో పోయకూడదు. ఒక్క ముల్లు గుచ్చుకుంటే అంతా ఇసుక పాలు. మూడు నాలుగు సీసాల్లో పంచి పెట్టుకోవాలి.

ఇక వడగట్టడం. అక్కడ దొరికే నీళ్ళు ఒక్కోసారి పశువుల తొట్టిలో పాచిపట్టినవి. ముందుగా నాలుగు మడతల పాత నూలుగుడ్డతో చెత్త, బురద తీయాలి. మన అమ్మమ్మలు చేసిన పనే ఇది. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతపెట్టి నీళ్ళు వడగట్టుకున్నచోట కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. అయినా గుడ్డ ఒక్కటే చాలదు.

నడిచేవారు వాడే చిన్న ఫిల్టర్లో సన్నని గొట్టాల వంటి పోగులుంటాయి. మన ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించుకునేవారికి ఇటువంటి పోగులు తెలిసినవే. వాటి రంధ్రాలు 0.1 మైక్రాన్. బ్యాక్టీరియా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం పట్టుబడతాయి. వైరస్‌లు ఇంకా చిన్నవి కనుక దాటిపోతాయి. మనుషుల మలం కలిసే అవకాశమున్నచోట వడగట్టిన తర్వాత క్లోరిన్ డయాక్సైడ్ మాత్ర వేయాలి, లేదా నీళ్ళు తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచాలి. రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. మురికి నీళ్ళ సీసా వేరు, తాగే సీసా వేరు. మూతి దగ్గర ఒక్క మురికి చుక్క పడినా వడగట్టిన శ్రమ వృథా. ఎడారిలో రాత్రి గడ్డకట్టే చలి ఉంటుంది. తడి ఫిల్టర్ గడ్డకడితే లోపలి పోగులు చిట్లిపోతాయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. కనుక రాత్రి దానిని పక్కబట్టల్లోనే పెట్టుకోవాలి.

ఫిల్టర్ క్రిములను ఆపుతుంది గాని నీటిలో కరిగినదానిని ఆపలేదు. ఉప్పు, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ నేరుగా దాటిపోతాయి. నల్గొండ, కనిగిరి వైపు వారికి ఇది వేరే చెప్పనవసరం లేదు. అక్కడి బోరు నీళ్ళు కంటికి తేటగానే ఉంటాయి. నిర్గమకాండము 15వ అధ్యాయంలోని మారా నీళ్ళ వంటి చేదు నీళ్ళను ఈ చిన్న ఫిల్టర్ బాగుచేయలేదు. ఆ కాలిబాట మీద జాషువా ట్రీ స్ప్రింగ్ అనే ఊటలో యురేనియం పరిమితికి మించి ఉందని హెచ్చరించారు. అటువంటి బోర్డు ఉన్నచోట ముందు నుండి మోసుకువచ్చిన నీళ్ళే ఆధారం.

ఎక్కువమందికి తెలియని ప్రమాదం మరొకటి ఉంది. చెమటతో ఉప్పు కూడా పోతుంది. తిండి తినకుండా వట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. గ్రాండ్ కాన్యన్‌లో నడిచినవారిలో వైద్యులు దీనిని చూశారు. తలనొప్పి, వాంతి, చేతివేళ్ళ వాపు, తికమక మాటలు, చివరికి ఫిట్స్. నీళ్ళు చాలనివారికి మూత్రం ముదురు పసుపుగా, కొద్దిగా వస్తుంది. నీళ్ళు మితిమీరినవారిలో చాలామందికి తెల్లగా, మాటిమాటికీ వస్తుంది. కనుక దాహాన్ని బట్టి తాగాలి, మధ్యమధ్య ఉప్పగా ఏదైనా తినాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు సంచిలో ఉండాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు సమానపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఇటువంటి నడకకు ముందు తమ డాక్టరును తప్పక అడగాలి. మాత్రలు సొంతంగా మానకూడదు.

తోటివాడు ఎండలో తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే వడదెబ్బే కావచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్ళతో ఒళ్ళంతా తడిపి విసరాలి, వెంటనే అత్యవసర సహాయానికి కబురు చేయాలి. అమెరికాలో ఆ నంబరు 911. తెలివిలేనివారి నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.