కొత్త డిజైర్: చూసినవారి మాట, నడిపినవారి మాట

కొత్త డిజైర్ గురించి వస్తున్న ఉత్తరాల్లో కొన్నవాళ్లవీ ఉన్నాయి, కొనబోయి చుట్టుపక్కలవాళ్ల మాటలతో ఆగిపోయినవాళ్లవీ ఉన్నాయి. ఇద్దరి సందేహాలూ ఒకదాంతో ఒకటి ముడిపడినవే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

సందేహం: ఇంట్లో నలుగురం. డిజైర్ బుక్ చేద్దామంటే మా బావగారు వద్దంటున్నారు. ‘అది ట్యాక్సీ బండి, పైగా రేకు డబ్బా, డోరు వేసి చప్పుడు విను’ అంటారు. మా బావమరిది మాత్రం ఆర్నెల్లుగా అదే నడుపుతూ ‘బంగారం లాంటి బండి’ అంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ బావగారి భయం ఊరికే పుట్టింది కాదు. దీని తోబుట్టువు లాంటి పాత స్విఫ్ట్‌కు 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఒక్క స్టారే వచ్చింది. ఆ సంగతి జనం మనసులో నాటుకుపోయింది. అయితే 2024 నవంబరులో విడుదలైన ఈ డిజైర్ లెక్క వేరు. అదే సంస్థ టెస్టులో పెద్దల రక్షణకు 34కి 31.24 పాయింట్లతో 5 స్టార్లు, పిల్లల రక్షణకు 49కి 39.20 పాయింట్లతో 4 స్టార్లు సాధించింది. మారుతి కార్లలో 5 స్టార్లు అందుకున్న మొదటి బండి ఇదే.

ఇక డోరు చప్పుడు. ధబ్‌మంటే గట్టి బండి, టంగుమంటే డబ్బా అని తేల్చేయడం మనకు బాగా అలవాటైపోయింది. నిజానికి ఆ చప్పుడు డోరు లోపల అంటించే షీట్లను బట్టి, చుట్టూ ఉండే రబ్బరు బీడింగును బట్టి ఉంటుంది. బండి గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడేది పైరేకు కాదు. అద్దం పక్కన ఉండే పిల్లర్లు, రెండు డోర్ల మధ్య పిల్లరు, కాలు పెట్టి ఎక్కేచోట కింద ఉండే బాక్సు లాంటి చట్రం, డోరు లోపల అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ, ఇవీ కాపాడేవి. బానెట్ భాగం నలగాలి, నలిగి దెబ్బను తనలోకి తీసుకోవాలి. మనుషులు కూర్చున్న భాగం మాత్రం నలగకూడదు. అందుకే ‘చిన్న దెబ్బకే ముందంతా నుజ్జయింది’ అన్న మాట విన్నప్పుడు, లోపలివాళ్లు ఎలా ఉన్నారని అడగండి.

ట్యాక్సీ బండి అన్నది నా దృష్టిలో తప్పు కాదు, మెప్పు. ట్యాక్సీ నడుపుకునేవాడు మొహమాటానికో, గొప్పకో బండి కొనడు. డీజిలు, పెట్రోలు, క్లచ్ ప్లేటు, టైర్లు అన్నీ లెక్కేసుకుని కొంటాడు. అంతకంటే నిక్కచ్చి యజమాని ఎక్కడుంటాడు?

మీ బావమరిది మాటనూ ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. ఎనిమిది తొమ్మిది లక్షలు పోసి కొన్న వస్తువులో లోపం ఉందని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. కాబట్టి ‘బండి ఎలా ఉంది’ అని అడగొద్దు. ఏసీ వేసి, నలుగురూ కూర్చుని, సామానుతో శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఏ గేరులో లాగింది? వెనక సీట్లో మధ్యన కూర్చున్నవాళ్లు గంట తర్వాత ఏమన్నారు? సర్వీసింగ్ బిల్లు ఎంతైంది? ఏదైనా పార్టు కోసం ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది? ఇలా అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి. మీరు తిరిగే దారుల్లో, మీ అంత సంసారంతో తిరిగే మనిషి మాట అయితే దానికి ఇంకా విలువ ఎక్కువ.

సందేహం: డిజైర్ కొని మూడు నెలలైంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేరు రాడ్డు, స్టీరింగు సన్నగా వణుకుతున్నాయి. ‘మూడు సిలిండర్ల ఇంజిను, అంతే’ అని షోరూమ్ వాళ్లు పంపించేశారు. పాత డిజైర్ ఉన్న నా మిత్రుడేమో ‘నిన్ను ముంచేశారు’ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: మీ మిత్రుడి బండిలో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజిను. క్రాంక్ షాఫ్ట్ అర చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండరు మండుతుంది. మీ 1.2 లీటర్ల జెడ్ సిరీస్ ఇంజిన్లో ఉన్నవి మూడే కాబట్టి 240 డిగ్రీలకు ఒకసారి మండుతుంది. ఒక కొసన పిస్టను పైకి వెళ్తుంటే రెండో కొసన కిందికి దిగుతుంటుంది. దాంతో ఇంజిను ఆ కొస నుంచి ఈ కొసకు ఊగుతుంది. ఆ ఊపును ఇంజిన్ కింది రబ్బరు మౌంటింగులు చాలావరకు మింగేస్తాయి. మిగిలింది మీ చేతికి తెలుస్తోంది. ఏసీ కంప్రెసర్ పడినప్పుడు కాస్త ఎక్కువవుతుంది. ఇది జబ్బు కాదు, ఆ ఇంజిను తీరు.

కానీ షోరూమ్ వాళ్లు ‘అంతే’ అని పంపించేయడం నాకు నచ్చలేదు. ఒకసారి నడిపి చూసి చెప్పాల్సింది. తేడా మీరే కనిపెట్టవచ్చు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే వణుకు పోతే దిగులు లేదు. 80 దాటాక స్టీరింగు వణికితే అది ఇంజినుది కాదు, వీల్ బ్యాలెన్సింగుది. కొన్న రోజుకంటే వణుకు పెరిగితే, లేదా ఉండుండి ఎగిరిపడినట్టుంటే మౌంటింగులు, స్పార్క్ ప్లగ్గులు చూడమని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బండికి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఉంది. జాబ్ కార్డు మీద ఆ మాట రాయించుకోకుండా బండి అప్పగించవద్దు.

పికప్ సంగతీ చెప్పాలి. పాత ఇంజిను శక్తి 90 పీఎస్, దీనిది 82. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ తగ్గుదల తెలియదు. హైవే మీద లారీని దాటేటప్పుడు తెలుస్తుంది. ఒక గేరు దించి దాటండి. పై గేరులోనే తొక్కి పట్టుకుని ఎదురుచూడడం ప్రమాదకరం.

సందేహం: కంపెనీ లీటరుకు 24.79 కిలోమీటర్లు అంది. నాకు 15 దాటడం లేదు. పక్కింటాయన తనకు 22 వస్తోందంటారు. నేను టీచర్ని, రోజూ బడికి, సంతకు తప్ప ఎక్కడికీ తీయను.
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ఆఖరి వాక్యంలో మీరే జవాబు చెప్పేశారు. కంపెనీ అంకె రోడ్డు మీద తీసింది కాదు. ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల్లో తీస్తారు. మీ ప్రయాణాలు చిన్నవి. ఇంజిను వేడెక్కేలోపే బడి వచ్చేస్తుంది. చల్లని ఇంజిను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పక్కింటాయన బహుశా విజయవాడ, గుంటూరు హైవే మీద తిరుగుతుంటారు. ఇద్దరి అంకెలూ నిజమే అయి ఉండవచ్చు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్లో శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. దానివల్ల కొంచెం మైలేజీ తగ్గుతుంది గానీ మీరు చెప్పినంత తేడా రాదు.

మీటరు మీద కనిపించే అంకెను పక్కన పెట్టి ఒకసారి ట్యాంకు లెక్క వేయండి. గన్ను తనంతట తాను ఆగేదాకా నింపించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. సగం ట్యాంకైనా వాడాక అదే బంకులో, అదే పద్ధతిలో మళ్లీ నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. వరసగా మూడు సార్లు తీస్తే అసలు మైలేజీ తేలుతుంది. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. అప్పటికీ హైవే మీద 18 కూడా రాకపోతే బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడమనండి.

సందేహం: సీఎన్‌జీ డిజైర్ తీసుకోవచ్చా? డిక్కీలో చోటుండదని అంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: నిజమే. పెట్రోలు బండిలో 382 లీటర్ల డిక్కీ ఉంటుంది. సీఎన్‌జీలో అందులో చాలా భాగం సిలిండరుకే పోతుంది. కిలోకు 33.73 కిలోమీటర్లని కంపెనీ అంటోంది. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు తిరుగుతూ, మీ దారిలోనే గ్యాస్ బంకు ఉంటే తీసుకోండి. నెలకోసారి ఊరెళ్లే కుటుంబానికి మాత్రం పెట్రోలే మేలు. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించడం మరవకండి.

సందేహం: డెలివరీ వచ్చే వారం. ముందు గార్డు, మంచి సీటు కవర్లు వేయించమని అందరూ చెబుతున్నారు. మా అమ్మ డాష్‌బోర్డు మీద వినాయకుడి విగ్రహం పెట్టాలంటోంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ఈ ఉత్తరం రాసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఈ బండిలో ఏ వేరియంటు తీసుకున్నా ఆరు ఎయిర్‌బ్యాగులుంటాయి. వాటిలో రెండు ముందు సీట్ల అంచుల్లోనే ఉంటాయి. దళసరి కవరు బిగించి కుట్టేస్తే అవి వేళకు తెరుచుకోలేవు. ఎయిర్‌బ్యాగు ఉన్నచోట విడిపోయేలా కుట్టిన కవర్లు దొరుకుతాయి, అవే అడగండి. లేకుంటే కంపెనీ సీట్లనే అలా వదిలేయండి.

ఇనుప గార్డు అసలు వద్దు. వాటిని తీసేయించాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గార్డు దెబ్బను నేరుగా చట్రానికి పంపుతుంది, సెన్సర్ల లెక్కనూ తప్పిస్తుంది. ఎదురుగా వచ్చే సైకిలు మనిషికైతే అది మరీ ప్రమాదం.

ఇక వినాయకుడు. ఎడమవైపు డాష్‌బోర్డులో ‘ఎయిర్‌బ్యాగ్’ అని అక్షరాలు కనిపించేచోట దాని మూత ఉంటుంది. దాని మీద విగ్రహం అంటిస్తే, బ్యాగు తెరుచుకున్న క్షణంలో ఆ విగ్రహం పక్క సీట్లోవారి ముఖానికి తగులుతుంది. ఆ సీట్లో కూర్చునేది చాలాసార్లు అమ్మే. మధ్యలో, ఏసీ బటన్ల కింద ఒక చిన్న పటం అంటించుకోమని చెప్పండి. ఆమెకు కారణం వివరిస్తే తప్పకుండా ఒప్పుకుంటారు.

అడగకపోయినా ఒక మాట. ముందు సీట్లో పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పోయే తల్లులను రోజూ చూస్తున్నాను, గుండె తరుక్కుపోతుంది. బ్యాగు తెరుచుకుంటే అమ్మకూ దానికీ మధ్య నలిగేది ఆ బిడ్డే. వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలున్నాయి. ఆ గార్డుకు పెట్టబోయే డబ్బుతో పిల్లల సీటు కొనండి.

సందేహం: వెనక భాగం కత్తిరించినట్టుందని మా ఆఫీసులో ఎగతాళి చేస్తున్నారు. ఎందుకలా చేస్తారు?
– ఒక పాఠకుడు, కడప

సమాధానం: పన్ను కోసం. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4 మీటర్లు దాటేది. 2012లో దాన్ని 3,995 మిల్లీమీటర్లకు కుదించారు. 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోలయితే 1,200 సీసీ లోపు ఇంజిను ఉంటే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. ఆ అయిదు మిల్లీమీటర్లు మీ జేబులో ఎంత మిగిల్చాయో పాత ధర, కొత్త ధర పక్కపక్కన రాసి ఆఫీసులో చూపించండి.

సందేహం: డెలివరీ తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

సమాధానం: రిజిస్ట్రేషనుకు ముందే, పగటి వెలుతురులో, యార్డులోనే చూడండి. పూలదండ వేసి, బెలూన్లు కట్టి ఇచ్చే వేళకు అన్నీ మరచిపోతాం. బండి తయారైన నెల అడగండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. స్టెప్నీతో సహా అన్నీ చూడండి. తలుపుల మీద, బంపర్ల మీద రంగు ఒకే ఛాయలో ఉందా, ఓడోమీటరు ఎంత చూపిస్తోంది, ఏసీ పది నిమిషాలు నడిపితే చల్లదనం నిలుస్తోందా గమనించండి. బిల్లులో మీరు అడగని మ్యాట్లు, కోటింగులు, యాక్సెసరీల ప్యాకేజీ కలిపి ఉంటే తీసేయమనండి. తీసేశాక సరిచేసిన బిల్లు చేతికొచ్చేదాకా మిగిలిన డబ్బు కట్టొద్దు.