చెవిలో హోరుతో వేగడానికి 12 చిట్కాలు: ఐటీ కారిడార్‌లో పనిచేసేవారి కోసం

శుక్రవారం రాత్రి మాదాపూర్ పబ్‌లోంచి బయటికి రాగానే చెవుల్లో 'గుయ్‌'మంటుంది. తెల్లారేసరికి తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలా ఎన్నోసార్లు తగ్గిన హోరు ఒకసారి మాత్రం తగ్గదు. సోమవారం స్టాండప్ కాల్‌లోనూ వినిపిస్తుంది, రాత్రి దిండు మీద తల పెట్టినా వినిపిస్తుంది. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు వేలల్లో ఉంటాయి. పెద్ద మోతకు దెబ్బతిని చనిపోతే అవి మళ్లీ పుట్టవు. అటు నుంచి సంకేతాలు తగ్గేసరికి మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుకుంటుందని, అదే మనకు హోరుగా వినిపిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఈ హోరు అందరికీ పూర్తిగా పోతుందని చెప్పలేం. కానీ చాలామందిలో కొన్ని నెలలకు మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మనం చేయాల్సిందల్లా మెదడుకు ఆ అవకాశం ఇవ్వడం, మిగిలిన వినికిడిని కాపాడుకోవడం.

1. ఎప్పుడు పరుగెత్తాలో తెలుసుకోండి. మోత విన్న తర్వాత వచ్చిన హోరు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారమైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లాలి. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి. గాయని అల్కా యాగ్నిక్ విమానం దిగి వస్తుండగా ఒక్కసారిగా ఏమీ వినిపించలేదని 2024 జూన్‌లో స్వయంగా చెప్పారు. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, కళ్లు తిరుగుతున్నా తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

2. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) తీయించి దాచుకోండి. మోత వల్ల జరిగిన నష్టం మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనిపిస్తుంది. రోజువారీ మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి మనకు తెలియదు. గోలగా ఉన్న క్యాంటీన్‌లో ఎదుటివాళ్ల మాటల్లో స, శ, త లాంటివి జారిపోతుంటే అదే తొలి గుర్తు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇలాంటి పరీక్షలకు పేరున్నవి. వినికిడి తగ్గిందని తేలితే హియరింగ్ ఎయిడ్‌కు మొహమాటపడకండి. బయటి శబ్దాలు స్పష్టంగా వినిపిస్తే హోరు కూడా వెనక్కి తగ్గుతుంది.

3. చెవిలో ఏమీ పోయొద్దు, దేంతోనూ గెలకొద్దు. వెల్లుల్లి కాచిన నూనె, ఆముదం వేస్తే తగ్గుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. మోత వల్ల వచ్చిన హోరు లోపలి చెవికి సంబంధించింది, నూనె అంత దూరం చేరదు. కర్ణభేరికి చిల్లు ఉంటే చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. పిన్నీసులు, ఇయర్ బడ్స్ గులిమిని ఇంకా లోపలికి నెడతాయి. గులిమి అడ్డుపడినా హోరు వస్తుంది కాబట్టి దాన్ని డాక్టర్ దగ్గరే తీయించుకోండి.

4. వారానికి ఇంత మోత అని లెక్క పెట్టుకోండి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గర మిగిలేది 4 గంటలు, 100 దగ్గర సుమారు 20 నిమిషాలు. పబ్బుల్లో 100 దాటడం మామూలే. అంటే అక్కడ ఒక్క గంట కూర్చుంటే వారం కోటా ఎప్పుడో దాటిపోయినట్టే. ఐఫోన్‌లో హెల్త్ యాప్ మీ హెడ్‌ఫోన్ వాల్యూమ్‌ను నమోదు చేస్తుంది. వారానికోసారి చూసుకోండి.

5. హెడ్‌సెట్‌తో పద్ధతిగా ఉండండి. మెట్రోలోనో ఆఫీసు క్యాబ్‌లోనో చుట్టూ గోల ఉంటే మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. బయటి గోలను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ ఉంటే తక్కువ వాల్యూమ్ సరిపోతుంది. టీమ్స్, జూమ్ మీటింగుల్లో క్యాప్షన్లు ఆన్ చేసుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ స్పీకర్ వాడండి. వరుస కాల్స్ మధ్య పది నిమిషాలు చెవులకు ఏమీ తగిలించకండి.

6. ఇయర్‌ప్లగ్ పెట్టుకోవడం నేర్చుకోండి. ఫోమ్ ప్లగ్‌ను శుభ్రమైన వేళ్లతో ముడతలు పడకుండా సన్నగా నలపాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తీసుకొచ్చి చెవి పైఅంచును పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్‌ను దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. మాట్లాడితే మీ గొంతు తల లోపలే మోగినట్టు ఉంటే సరిగ్గా కూర్చుందని అర్థం. సగం బయటికి కనిపిస్తుంటే తీసి మళ్లీ పెట్టండి. దూది పెట్టుకుంటే చాలదు. నిమజ్జనం ఊరేగింపు, బరాత్ డీజే, గచ్చిబౌలి స్టేడియంలో కచేరీ, ఎక్కడికెళ్లినా ఒక జత జేబులో ఉండాలి. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ కూడా టినిటస్ వచ్చాకే చెవులను కాపాడుకోవడం మొదలుపెట్టారు.

7. అలాగని రోజంతా చెవులు మూసుకోకండి. భయంతో ఆఫీసులోనూ ఇంట్లోనూ ప్లగ్స్ పెట్టుకునే తిరిగితే చెవి మామూలు శబ్దాలను కూడా భరించలేని స్థితికి వస్తుంది, హోరు ఇంకా పైకి తేలుతుంది. మిక్సీ, కుక్కర్ విజిల్ ఇబ్బంది పెడుతుంటే మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, ఆ రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ప్లగ్స్ పెద్ద మోతకు మాత్రమే.

8. నిశ్శబ్దమైన గదిలో పడుకోకండి. నానక్‌రామ్‌గూడలో ముప్ఫయ్యో అంతస్తు ఫ్లాట్‌లో కిటికీలు మూసి ఏసీ కూడా ఆపితే ఇక వినిపించేది ఆ హోరు ఒక్కటే. టేబుల్ ఫ్యాన్ తిప్పండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడు పెట్టి మంచానికి దూరంగా ఉంచండి. హోరును పూర్తిగా ముంచేసేంత పెంచొద్దు. రెండూ కలిసి వినిపించేలా, హోరు కంటే కాస్త తక్కువగా ఉంచాలి. అలా ఉంచితేనే మెదడు దానికి అలవాటు పడుతుంది.

9. నిద్రను కాపాడుకోండి. అమెరికా టైమ్‌కు పనిచేసే షిఫ్టుల్లో నిద్ర చెడితే మర్నాడు హోరు పెద్దదిగా అనిపిస్తుంది. షిఫ్టు ఏదైనా రోజూ ఒకే వేళకు పడుకోండి, వారం వారం మారే షిఫ్టులు తప్పించమని మేనేజర్‌ను అడగండి. కాఫీ అందరికీ హోరు పెంచదు, ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది. సాయంత్రం తర్వాత మాత్రం వద్దు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే డెంటిస్టును కలవండి. దవడ బిగుసుకుపోవడం కూడా హోరును పెంచుతుంది.

10. హోరును మాటిమాటికీ పరీక్షించకండి. ఈ రోజు ఎంత ఉందో, నిన్నటి కంటే పెరిగిందో అని చెవి రిక్కించి వింటుంటే, ఇది ముఖ్యమైన శబ్దమని మెదడుకు మనమే నేర్పుతున్నట్టు. బాధ తగ్గించడంలో ఇప్పటివరకు బలమైన ఆధారాలున్న చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాల పాటు చేయించుకోవచ్చు. సాయంత్రాలు ఇయర్‌ఫోన్స్ లేకుండా కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనో దుర్గం చెరువు ఒడ్డునో నడవండి, పిట్టల కూతలు వినండి. ఇక బతకడం ఎందుకనే ఆలోచన వస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ ఏ వేళైనా మాట్లాడతారు.

11. 'గ్యారంటీ' మందులకు డబ్బు తగలేయకండి. టినిటస్‌ను పూర్తిగా నయం చేస్తుందని రుజువైన మాత్ర ఇంతవరకు లేదు. జింకో బిలోబా, జింక్ లాంటి సప్లిమెంట్లను సిఫార్సు చేయొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ డబ్బుతో మంచి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, ఆడియాలజిస్టు ఫీజు కట్టండి.

12. బయటి మోత మీద ఫిర్యాదు చేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ రాత్రి వేళల్లో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. కోకాపేటలోనైనా పుప్పాలగూడలోనైనా రాత్రిపూట డ్రిల్లింగ్ జరుగుతుంటే 112కు ఫోన్ చేయండి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగానూ ఇవ్వండి. జూబ్లీహిల్స్ వాసులు పట్టుబట్టి కోర్టుకెళ్లబట్టే 2022లో అక్కడి పబ్బుల్లో రాత్రి పది తర్వాత మ్యూజిక్‌పై హైకోర్టు ఆంక్షలు పెట్టింది.

చివరిగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఈ హోరు మీకు వినిపించదు, స్కానింగుల్లోనూ చాలావరకు కనిపించదు. అయినా అది నిజం. 'అంతా నీ భ్రమ' అనకండి. టీవీ వాల్యూమ్ కాస్త తగ్గించండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. ఇంట్లో ఇయర్‌ఫోన్స్‌తో గేమ్స్ ఆడే పిల్లలుంటే వాళ్ల వాల్యూమ్ ఈ రోజే సరిచూడండి. మోత వల్ల వచ్చే టినిటస్‌ను వచ్చాక మాన్పడం కష్టం, రాకుండా ఆపడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.