ఏడుగురి ఆట: ప్రొ కబడ్డీ పదో సీజన్ చెప్పిన పాఠాలు

2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రొ కబడ్డీ పదో సీజన్ ఫైనల్ జరిగింది. పుణేరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి మొదటిసారి కప్పు గెలిచింది. ఫైనల్ మన గడ్డ మీదే జరిగింది గాని, బరిలో మన జట్టు లేదు. తెలుగు టైటాన్స్ ఆ ఏడాది 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. 12 జట్లలో చివరి స్థానంలో నిలిచింది. పుణేరి ఖాతాలో 96 పాయింట్లుంటే మనవి 21.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మానకొండూరు, చొప్పదండి వైపు పిల్లలకూ, ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ కబడ్డీ నేర్పాను. 2023 డిసెంబర్ 2న అహ్మదాబాద్‌లో మొదలై 12 నగరాలు తిరిగిన ఆ సీజన్‌ను, మా పిల్లలకు ఏది పనికొస్తుందా అని వెతుక్కుంటూ చూశాను. ఇరాన్, పోలండ్, ఇంగ్లండ్ ఆటగాళ్లు కూడా వచ్చి ఆడే లీగ్ అది. దాని గెలుపోటముల్లో నాకు కనిపించినవీ, గ్రౌండులో నేను తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ఈల పట్టుకుని నిలబడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, పిల్లల తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడే పిల్లలు చదవాలని నా కోరిక.

1. ఒక్కడి బలంతో ఏడుగురి ఆట గెలవలేం

2023 అక్టోబర్ 9, 10 తేదీల్లో ముంబైలో జరిగిన వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకుంది. ఒక్కో జట్టు మొత్తం ఖర్చు పరిమితే 5 కోట్లు. అంటే సగానికి మించి ఒక్కరి మీదే పెట్టారు. పవన్ ఆ నమ్మకాన్ని నిలబెట్టుకున్నాడు. సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు అడుగునే ఉండిపోయింది.

ఎందుకంటే కబడ్డీ లెక్క వేరు. అవుటైనవాడు మళ్లీ బరిలోకి రావాలంటే మిగిలినవాళ్లు పాయింట్ తేవాలి. ఎంత గొప్ప రైడరైనా ఒకసారి పట్టుబడితే బయట కూర్చుని, తనను లేపేవాడి కోసం చూడాల్సిందే. లేపేవాళ్లు లేకపోతే ఆ రెండు కోట్లూ బయటే కూర్చుంటాయి. మన ఊళ్లలో సంక్రాంతికీ, జాతరలకూ పెట్టే టోర్నమెంట్లలో కూడా ఇదే చూస్తుంటాం. బయటి నుంచి ఒక మంచి రైడర్‌ను డబ్బులిచ్చి తెస్తారు. ఊరి పిల్లలు ఆరుగురు వాడి చుట్టూ నిలబడతారు. వాడు చిక్కిన మరుక్షణం జట్టు చెల్లాచెదురవుతుంది. మీ జట్టులో రెండో రైడర్ ఎవరు, మూడో రైడర్ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేనిదే ఏ టోర్నమెంటుకూ పేరు ఇవ్వకండి.

2. పెంచుకున్న జట్టే నిలబడుతుంది

పుణేరి కెప్టెన్ అస్లాం ఇనామ్‌దార్ కుర్రవాడు. అతని పక్కన ఆడిన మోహిత్ గోయత్, పంకజ్ మోహితే, ఆకాశ్ షిండే, అభినేశ్ నడరాజన్ కూడా కుర్రాళ్లే. ‘యువ పల్టన్’ పేరుతో ఆ యాజమాన్యం చిన్న వయసు పిల్లల్ని చేరదీసి తర్ఫీదు ఇచ్చింది. పెద్ద పేర్ల మీదే ఆధారపడకుండా వాళ్లను ఏళ్ల తరబడి కలిపి ఆడించింది. ఫైనల్లో మొదటి సగంలో పంకజ్ మోహితే ఒకే రైడులో నాలుగు పాయింట్లు తెచ్చి ఆటను తిప్పేశాడు. నారు పోసి పెంచుకున్న పొలం పంట ఇచ్చినట్టు, ఆ ఓపికంతా ఆ రాత్రి చేతికొచ్చింది.

బడిలో కూడా ఇదే దారి. ఎనిమిదో తరగతిలో ఏడుగురిని ఎంచి, పదో తరగతి దాకా వాళ్లను విడదీయకుండా ఆడించండి. ఎవరి కాలు ఎటు కదులుతుందో పక్కవాడికి చూడకుండానే తెలియాలి. అది ఒక నెల క్యాంపుతో వచ్చే పని కాదు.

ఢిల్లీ పక్కన నిజాంపూర్ అనే ఊరుంది. రాకేశ్ కుమార్, మంజీత్ చిల్లర్ ఇద్దరూ అక్కడివాళ్లే, ఇద్దరూ అర్జున అవార్డు అందుకున్నవాళ్లే. ఒక ఊళ్లో పెద్దలు ఆడిన బరిలోనే పిల్లలు ఆడుతుంటే ఆటగాళ్లు తయారవుతూనే ఉంటారు. ప్రొ కబడ్డీ జాబితా తీస్తే హర్యానా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, తమిళనాడు పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. మన పిల్లల్లో సత్తువ తక్కువై కాదు. ఆడి పైకొచ్చినవాడు తిరిగి ఊరి బరికి వచ్చి నేర్పే అలవాటు మన దగ్గర బలపడలేదు.

3. కూతకు పోయేవాడికి చప్పట్లు, పట్టేవాడికి గెలుపు

ప్రతి పిల్లాడూ రైడరే కావాలంటాడు. టీవీలో పేరు వచ్చేది వాడికే మరి. పదో సీజన్‌లో అందరికంటే ఎక్కువ టాకిల్ పాయింట్లు సాధించింది ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి. పుణేరి అతన్ని 2 కోట్ల 35 లక్షలకు తీసుకుంది. విదేశీ ఆటగాడికి అప్పటిదాకా అంత ధర పలకలేదు. కప్పు వెనక ఉన్న పెద్ద బలం అతని పట్టు.

ఆ పట్టు ఎలా పడుతుందో పిల్లలకు నెమ్మదిగా చూపించాలి. ఎదురుగా ఆరుగురు గాని అంతకంటే ఎక్కువమంది గాని ఉన్నప్పుడు రైడర్ బోనస్ గీత కోసం కాలు చాస్తాడు. ముందు కాలు గీత దాటాలి, వెనక కాలు గాలిలో ఉండాలి. ఆ రెప్పపాటులో వాడి ఒంటి బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది. మూల మీద ఉన్నవాడు దూకాల్సింది అప్పుడే. నడుము వంచి, చూపు రైడర్ చేతుల మీద కాకుండా చీలమండ మీదే ఉంచాలి. దొరికిన చీలమండను రెండు చేతులతో బిగించి తన ఛాతీకి లాక్కోవాలి. అదే క్షణంలో పక్కవాడు చేతి గొలుసు వదలకుండా మీదికి రావాలి. ఆ రెండోవాడు అర క్షణం ఆలస్యమైతే రైడర్ ఈడ్చుకుంటూ పోయి మధ్య గీత అందుకుంటాడు. ఆశ్రమ పాఠశాల పిల్లలకు ఈ ఒక్క పట్టునే వారాల తరబడి చేయించేవాణ్ణి. జిల్లా పోటీల్లో వాళ్లను గెలిపించింది అదే.

4. నియమం తెలియనివాడు గెలిచిన ఆటనూ పోగొట్టుకుంటాడు

పదో సీజన్ వేలానికి రెండు రోజుల ముందు, 2023 అక్టోబర్ 7న, హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ తలపడ్డాయి. స్కోరు 28-28. చివరి క్షణాలు. పవన్ రైడుకు వెళ్లి ఎవరినీ తాకకుండానే లాబీలోకి, అంటే బరి పక్కనుండే పట్టీలోకి పోయాడు. ఇరాన్ డిఫెండర్లు అతని వెంటే లాబీలోకి వచ్చారు. పాత నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్లూ అవుటే, కొత్త నియమం ప్రకారం రైడర్ ఒక్కడే అవుట్. ఏది వర్తిస్తుందన్న వాదనతో ఆట గంటసేపు ఆగింది. చివరికి భారత్‌కు మూడు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చారు. భారత్ 33-29తో స్వర్ణం గెలిచింది.

మన మండల స్థాయి పోటీల్లో ఇలాంటి గొడవలు తెల్లవారేదాకా సాగుతాయి, కొట్లాటలతో ముగుస్తాయి. అందుకే ప్రాక్టీసుకు ముందు కాసేపు పిల్లల్ని కూర్చోబెట్టి నియమాలు చెప్పాలి. రైడుకు 30 సెకన్లు. వరుసగా రెండు ఖాళీ రైడులైతే మూడోది చావో రేవో. బరిలో డిఫెండర్లు ముగ్గురు గాని అంతకంటే తక్కువగాని ఉన్నప్పుడు పట్టు పడితే ఒక పాయింట్ అదనం. లాబీ ఎప్పుడు బరిలో భాగమవుతుంది? ఇవన్నీ పిల్లలు అడగగానే చెప్పాలి. నియమం తెలిసిన పిల్లవాడు అంపైర్ మీదికి పోడు, కెప్టెన్ ద్వారా అడుగుతాడు.

5. మట్టిలో పుట్టిన ఆటే, కాని పైకి పోవాలంటే మ్యాట్ తెలియాలి

మా చిన్నతనం నుంచీ బరి అంటే తవ్వి, రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసిన నేలే. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. దాన్ని ఆటకు సిద్ధం చేయడమే ఒక పని. మట్టిలో పాదం జారుతుంది, ఆ జారుడే వేగం. మ్యాట్ మీద బూటు అతుక్కుంటుంది. మట్టిలో తిరిగినట్టు ఒక్కసారిగా తిరిగితే పాదం అక్కడే ఉండి మోకాలు మెలిపడుతుంది. పల్లెలో ఎదురులేని పిల్లలు రాష్ట్ర సెలక్షన్లలో మొదటి రోజే తేలిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఎంపికలకు ముందు పిల్లల్ని తప్పకుండా మ్యాట్ మీద ఆడించండి. ఎక్కడుందో వెతకండి, అడగండి, తీసుకెళ్లండి. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో రాష్ట్ర క్రీడా పాఠశాలలున్నాయి. చురుకైన పిల్లలుంటే చిన్న తరగతుల్లోనే అక్కడి ప్రవేశ పరీక్షలకు పంపండి.

6. మోకాలు పోతే ఆట పోయినట్టే

పదో సీజన్‌కు ముందు ఏడాది తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు పవన్‌ను తీసుకుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి అతను సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. వెనుక డాక్టర్లూ, ఫిజియోలూ ఉండబట్టి మరుసటి ఏడాది భారత కెప్టెన్‌గా బుసాన్‌లో ఆసియా టైటిల్, హాంగ్జౌలో స్వర్ణం గెలిచాడు.

మన పల్లె పిల్లవాడి వెనుక ఎవరుంటారు? పసుపు కట్టు కట్టించుకుని మరునాడు మళ్లీ దిగుతాడు. అమ్మానాన్నలూ, దయచేసి ఆ పని చేయనివ్వకండి. వాచిన మోకాలిని ఎముకల డాక్టర్‌కు చూపించి, ఆయన సరే అన్నాకే దింపండి. ప్రాక్టీసుకు ముందు ఒళ్లు వేడెక్కించడం, తొడల బలం పెంచడం, సరిగ్గా పడటం నేర్చుకోవడం ఆటలో సగం. తిండి గురించి కూడా ఒక మాట. పురుషుల లీగ్‌లో బరువు పరిమితి 85 కిలోలు. గుడ్డు, పప్పు, జొన్నరొట్టె, పల్లీలు, పాలు వేళకు తిని పెంచుకున్న కండ ఉంటే చాలు. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి పోవద్దు.

7. వేలం పాట కొందరికి, బతుకుదారి అందరికీ

పదో సీజన్ వేలంలో అట్టడుగు డి కేటగిరీ కనీస ధర 9 లక్షలు, ఏ కేటగిరీది 30 లక్షలు. ఈ అంకెలు విని పల్లెల్లో పిల్లలు చదువు వదిలేస్తున్నారు. కాని 12 జట్లలో చోటు ఎంతమందికి దొరుకుతుంది? ఆ చోటు కూడా సీజన్ సీజన్‌కూ మారుతుంది.

మరో దారి గట్టిది. రైల్వే, పోలీసు, సైన్యం, సింగరేణి వంటి సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి పది పాస్, ఇంటర్, డిగ్రీ కావాలి. స్కూల్ గేమ్స్‌లో, యూనివర్సిటీ పోటీల్లో, జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు కావాలి. అవి ఏ స్థాయివో, ఎవరి సంతకంతో ఉండాలో నోటిఫికేషన్లలో స్పష్టంగా ఉంటుంది. సర్టిఫికెట్ వచ్చిన రోజే జిరాక్సులు తీసి, అసలును ప్లాస్టిక్ కవర్‌లో దాచండి. గుడిసెలో తడిసి చిరిగిన సర్టిఫికెట్‌తో ఉద్యోగం చేజారిన పిల్లవాణ్ణి నేను చూశాను. ఆ బాధ మరో ఇంటికి రావద్దు.

8. ఆడపిల్లల బరిని ఆపకండి

హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మగవాళ్లు స్వర్ణం గెలిచిన రోజే మన అమ్మాయిలు 26-25తో చైనీస్ తైపీని ఓడించి స్వర్ణం గెలిచారు. ఒక్క పాయింట్ తేడా. ఆ ఒక్క పాయింట్ వెనుక ఎన్ని ఊళ్లలో ఎన్ని మాటలు పడి ఉంటారో ఆలోచించండి. 2016లో ప్రొ కబడ్డీతో పాటు మూడు జట్లతో మహిళల కబడ్డీ ఛాలెంజ్ పెట్టారు. తర్వాత దాన్ని కొనసాగించలేదు. కొనసాగి ఉంటే ఈపాటికి మన కస్తూర్బా బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లల పేర్లు కూడా వేలంలో వినిపించేవని నా గట్టి నమ్మకం. అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చే గోండు, కొలాం అమ్మాయిల కాళ్లలో ఉన్న చురుకు నేను కళ్లారా చూశాను. పదో తరగతి అయిపోగానే ‘ఇక చాలు’ అని ఇంట్లో కూర్చోబెట్టకండి. పోటీలకు పంపేటప్పుడు తోడుగా ఒక టీచరమ్మ వెళ్లేలా చూస్తే తల్లుల భయం సగం తగ్గుతుంది.

9. ఓటమి తర్వాతి సీజనే అసలు పరీక్ష

పదో సీజన్‌లో రెండు మ్యాచ్‌లే గెలిచిన టైటాన్స్, మరుసటి ఏడాది 12 గెలిచింది. పవన్ గాయపడి దూరమైనప్పుడు విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ లాంటివాళ్లు బాధ్యత ఎత్తుకున్నారు. 2025లో విశాఖలో మొదలైన 12వ సీజన్‌లో విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, పవన్ లేకుండానే, జట్టు ప్లేఆఫ్స్ చేరింది. రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణేరి చేతిలో ఆగింది. మొదటి పాఠం అక్కడ పూర్తయింది. భారం పంచుకునేవాళ్లు పెరిగాకే జట్టు పైకి లేచింది.

అందుకే ఓడిన జట్టును తిట్టి ఇంటికి పంపే అలవాటు మానుకుందాం. ఓడిన మరునాడు సాయంత్రం అదే బరిలో అందర్నీ పిలిచి, ఎక్కడ గొలుసు తెగిందో చూపించి, మళ్లీ ఆడించండి. రాష్ట్ర ప్రభుత్వం పెట్టే సీఎం కప్ లాంటి పోటీలు గ్రామం, మండలం నుంచే మొదలవుతున్నాయి. ప్రతి ఊరూ ఒక జట్టు పంపాలి. ప్రతి మండలానికీ ఒక మ్యాట్ కావాలని పంచాయతీలూ, యువజన సంఘాలూ కలిసి అడగాలి. రిటైరైన పీఈటీలం చాలామందిమి ఇంకా నడవగలం, ఈల ఊదగలం. మమ్మల్ని పిలవండి, వస్తాం. హుజూరాబాద్ పిల్లవాడో, ఇంద్రవెల్లి పిల్లవాడో టైటాన్స్ జెర్సీ వేసుకుని గచ్చిబౌలిలో కూతకు పోవాలంటే పని ఈ సాయంత్రమే మొదలు కావాలి.