అంటు మొక్క నేర్పు పాఠము

ఉద్యానశాస్త్ర డిగ్రీ తరగతులలో చేరిన విద్యార్థులారా! “మామిడికి అంటు కట్టుదురు, కొబ్బరికి కట్టరేమి?” అని రైతు అడిగినచో మీరేమందురు? జవాబు మూలసూత్రములలో నున్నది.

మామిడి రెమ్మను ఏటవాలుగా కోయుడు. బెరడుకును, లోని కొయ్యకును నడుమ పలుచని తడి పొర యుండును. దీనిని కేంబియమ్ అందురు. కొత్త కణములు పుట్టునది ఇచ్చటనే. టెంక మొక్క పొరయు, అంటురెమ్మ పొరయు కనీసము ఒక ప్రక్కనైనను కలిసినగాని అంటు అతుకదు. కొబ్బరి, అరటి ఏకదళ బీజపు మొక్కలు. వాటి కాండములో ఈ పొర లేదు. అందుచే కొబ్బరిని కాయతోను, అరటిని పిలకలతోను వృద్ధిచేయుట వాడుక.

రెండవ సూత్రము వయసునకు సంబంధించినది. కాపునకు వచ్చిన చెట్టునుండి తీసిన రెమ్మకు బాల్యదశ గడచియుండును. కనుక అంటు మొక్క టెంక మొక్క కంటె ముందుగా కాచును. తల్లిచెట్టు గుణములను నిలుపుకొనును.

అయితే అతుకునకు దిగువన మొలచు చిగుళ్లు టెంక మొక్కవి. వాటిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. లేనిచో అవి పైరెమ్మను అణచివేయును. బంగినపల్లి యని పెంచిన చెట్టు కొన్ని యేండ్లకు నాటు కాయలు కాచును. నాటునపుడు అతుకు మట్టిలో కప్పబడరాదు.

వరిలో తప్పును మరుసటి పంటలో దిద్దుకొనవచ్చును. తోటలోని తప్పు తెలియుటకే యేండ్లు పట్టును. నష్టము రైతు కుటుంబమునకు. కావున ఈ వారమే నర్సరీకి పోయి, 10 అంట్లను పరిశీలించి, ప్రతిదాని అతుకును, దిగువ చిగుళ్లను గుర్తించుడు. కారణము తెలిసిన చేతికి పొరపాటు తక్కువ.