కొలకడ్డీ చెప్పు సంగతి



మన రుద్రవరము నల్లరేగడి చేలలోను, ఆళ్లగడ్డ చుట్టుప్రక్కల కె.సి. కాలువ క్రింది మళ్లలోను ఇరువది, ముప్పది యేండ్ల పాత ట్రాక్టర్లు నేటికిని దున్నుచున్నవి. క్రొత్త బండి కొనలేని రైతునకు అదియే ఆస్తి. ఆ బండి ప్రాణము ఇంజనాయిలులో నున్నది. గనుక ఈ నెల పాఠము ఆయిలు మట్టము చూచుటను గూర్చినది.

ఎప్పుడు చూడవలెను? ప్రతి ఉదయము, స్టార్టు చేయకముందు. పనిలోనున్న బండినైతే ఆపి పావుగంట ఆగుడి. పైభాగముల ఆయిలు క్రింది చాంబరులోనికి దిగవలెను గదా. బండి సమమైన నేలమీద నుండవలెను. గట్టుప్రక్క ఒరిగిన బండి తప్పు లెక్క చెప్పును.

ఎట్లు చూడవలెను? మొదట గేజి చుట్టునున్న దుమ్ము తుడువుడి. అది లోనికి పోయినయెడల బేరింగులను అరగదీయును. గేజిని తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి, అప్పుడు చూడుడి. మొదటిసారి కనబడిన తడిని నమ్మవద్దు. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. క్రింది గీతకు దిగినయెడల, బండి పుస్తకములో చెప్పిన రకమునే కొంచెము కొంచెముగా పోసి మరల కొలువుడి. పై గీత దాటనీయకుడి. ఎక్కువైన ఆయిలును క్రాంకు చిలికి నురుగు చేయును. నురుగు బేరింగులను కాపాడలేదు.

ఆయిలు తగ్గుట కీడని అందరికిని తెలియును. పెరిగినయెడల నేమి? నా తప్పిదము చెప్పెదను. మా అన్న పాత ట్రాక్టరును కొన్నాళ్లు నేను చూచుచుంటిని. వరినాట్ల కాలమున ఒకనాడు ఆయిలు పై గీతను దాటి కనబడెను. ఇంజను ఆయిలు త్రాగుట లేదని సంతోషించి ఊరకుంటిని. నాలుగవ దినమున మడిలోనే ఇంజను కొట్టుకొని ఆగిపోయెను. మెకానిక్కు విప్పి చూపెను: ట్యాంకునుండి డీజిలు లాగు చిన్న పంపులోని పొర చినిగి, డీజిలు చాంబరులోనికి కారుచుండెను. ఆయిలు పలుచనై బేరింగులు పాడాయెను. నాట్లు ఆలస్యమాయెను, వదిన గాజులు తాకట్టుకు పోయెను. వారు నన్ను ఒక్క మాటయు అనలేదు. అదియే నాకు నేటికిని భారము.

కాబట్టి పోయకుండ పెరిగిన ఆయిలును చూచి సంతోషింపకుడి. వాసన చూచి, వ్రేళ్ల నడుమ రుద్ది చూడుడి. డీజిలు వాసన కొట్టుచు పలుచగా నున్నయెడల డీజిలు కలిసినది. పాలు కలిపిన కాఫీవలె నున్నయెడల నీరు చేరినది. స్టార్టు చేయక మెకానిక్కును పిలువుడి. నల్లగా నున్నంత మాత్రమున భయపడవద్దు. డీజిలు ఇంజనులో మసి చేరుట సహజము.

ఆలోచించుటకు:

1. నేటి ఉదయము మీ బండి గేజిని తీసి చూచితిరా?

2. నిన్నటి మట్టము మీకు జ్ఞాపకమున్నదా? లేనియెడల, కొట్టపు గోడమీద సుద్దముక్కతో దినదినము వ్రాయుడి. తగ్గినను, పెరిగినను ఆ గోడయే మిమ్మును ముందుగా హెచ్చరించును.