కుళాయి ఎక్కడ వెయ్యాలో ఎవరు చెప్పాలి?



సోషల్ పాఠంలో మున్సిపాలిటీ గురించి చదివాం. పట్టణాన్ని వార్డులుగా విడగొడతారు. ఒక్కో వార్డుకి ఒక కౌన్సిలర్. కుళాయిలు, కాలువలు, వీధి దీపాలు ముందు ఏ పేటకి వెయ్యాలో వాళ్లంతా కూర్చుని తీర్మానం చేస్తారు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనం ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు కూడా ఉండాలి. పేట కష్టం పేటవాళ్లకే తెలుస్తుంది కదా!

మరి మన గూడేల సంగతి? మనది షెడ్యూల్డ్ ప్రాంతం. మనకోసం 1996లో పీసా చట్టం వచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న అందరూ గ్రామసభ సభ్యులే. అంటే మా అమ్మ కూడా! పంచాయతీ ఏ అభివృద్ధి పని మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఒప్పుకోవాలి.

ఇది చదివాక నాకు బాధేసింది. పోయిన వేసవి సెలవుల్లో ఒకాయన మా ఇంటికి పుస్తకం తెచ్చాడు. అమ్మ వేలిముద్ర ఏసింది. నేను పక్కనే ఉన్నా, ఏం రాసుందో చూడలేదు. అది గ్రామసభ తీర్మానమని తర్వాత తెలిసింది. కుళాయి రోడ్డు పక్కన పడింది. అమ్మ ఇంకా గెడ్డ నుంచే నీళ్లు మోస్తోంది. "చదువుకున్నదానివి, నువ్వన్నా చూడలేదేటి?" అంది.

అందుకే ఒక మాట. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు, అమ్మానాన్న వేలిముద్ర ఏసే ముందు ఆ కాగితం మనం పైకి చదవాలి. మన భాషలో చెప్పాలి. ఓటుకి 18 ఏళ్లు నిండాలి. చదివి చెప్పడానికి అక్కర్లేదు.

– 9వ తరగతి విద్యార్థిని