రీస్టార్ట్ కొట్టే ముందు రెండు నిమిషాలు

సర్వర్ మొరాయించగానే ఆఫీసులో ముందు వినబడే మాట, "రీస్టార్ట్ కొట్టండి". కొడతారు, తేరుకుంటుంది. మళ్లీ ఎల్లుండి అదే వేళకు అదే గొడవ. రీస్టార్ట్‌తో ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అప్లికేషన్ ఇంకా నడుస్తూ అవస్థ పడుతున్నప్పుడే దానికి ప్రొఫైలర్ తగిలించి రికార్డు చేసుకోవాలి.

జావా అప్లికేషన్‌కైతే ఇందుకు విడిగా ఏదీ కొననక్కర్లేదు. ఫ్లైట్ రికార్డర్ (జేఎఫ్‌ఆర్) జేడీకేలోనే ఉంది. ఒకప్పుడు జేరాకిట్‌లో పుట్టి, తర్వాత కొన్నాళ్లు ఒరాకిల్ లైసెన్సు కింద నడిచి, 2018లో జేడీకే 11తో ఓపెన్ సోర్స్ అయింది. 2020లో 262వ అప్‌డేట్‌తో జావా 8కీ వచ్చింది. కాబట్టి "మాది పాత జావా అండీ" అన్న సాకు చాలామందికి చెల్లదు.

ముందుగా సర్వర్‌లోకి వెళ్లి టాప్ కమాండ్‌తో సీపీయూ ఎలా ఉందో చూడండి. 95 శాతం దగ్గరుంటే ఏదో కోడ్ తెగ పనిచేస్తోంది. 20, 30 దగ్గరే ఆగిపోయి పేజీలు మాత్రం కదలడం లేదంటే, థ్రెడ్లు ఖాళీగా దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. ఈ తేడా తెలుసుకోకుండా రికార్డింగ్ తెరిస్తే, సంబంధం లేని పట్టికలో గంటలు గడిచిపోతాయి.

తర్వాత అక్కడే జేడీకేలోని జేసీఎండీ కమాండ్‌ను ఒట్టిగా కొడితే, నడుస్తున్న జావా ప్రాసెస్‌లు నంబర్లతో సహా వస్తాయి. మీ అప్లికేషన్ అందులో లేకపోతే అది వేరే యూజర్ పేరుతో నడుస్తోందేమో చూడండి. సుడోతో ఆ యూజర్‌గా మారి మళ్లీ కొట్టాలి. కంటైనర్ అయితే దాని లోపలికి వెళ్లి కొట్టాలి. జేఆర్‌ఈ మాత్రమే ఉంచి కుదించిన ఇమేజ్‌లో జేసీఎండీ ఉండదు. ఇమేజ్ ఎంత చిన్నదైతే అంత గొప్ప అనుకునేవాళ్లకు ఈ సంగతి అర్ధరాత్రి పూట తెలిసొస్తుంది.

నడుస్తున్న ప్రాసెస్‌తో బయటి కమాండ్ ఎలా మాట్లాడుతుందన్నది లినక్స్‌లో ముచ్చటైన వ్యవహారం. జేసీఎండీ ముందు ఆ ప్రాసెస్ పనిచేసే డైరెక్టరీలో ఒక ఖాళీ ఫైలు పెడుతుంది. తర్వాత క్విట్ సిగ్నల్ పంపుతుంది. మామూలుగా ఆ సిగ్నల్ అందితే జేవీఎం థ్రెడ్ డంప్ కక్కుతుంది. ఆ ఫైలు కనబడితే మాత్రం డంప్ మాని, టెంప్ డైరెక్టరీలో ఒక సాకెట్ తెరిచి ఆదేశాల కోసం కూర్చుంటుంది. ఆ పైన మాటలన్నీ ఆ సాకెట్ గుండానే. నెలల తరబడి నడుస్తున్న సర్వర్లో, ఒకసారి తెరిచిన ఆ సాకెట్ ఫైలును టెంప్ శుభ్రం చేసే ప్రోగ్రాం పాత చెత్త అనుకుని తుడిచేస్తే, పాత జేడీకేల్లో అప్లికేషన్ భేషుగ్గా నడుస్తున్నా ఇక అటాచ్ కుదరదు.

ఇక రికార్డింగ్. జేసీఎండీ, ప్రాసెస్ నంబరు, జేఎఫ్‌ఆర్ డాట్ స్టార్ట్. వెనకాలే డ్యూరేషన్ రెండు నిమిషాలని, సెట్టింగ్స్ ప్రొఫైల్ అని చెప్పి, ఫైల్‌నేమ్‌కు పూర్తి దారి ఇవ్వాలి. ఒట్టి పేరు ఇస్తే ఫైలు మీరున్న చోట కాకుండా అప్లికేషన్ పనిచేసే డైరెక్టరీలో పడుతుంది. సెట్టింగ్స్ చెప్పకపోతే డిఫాల్ట్ వర్తిస్తుంది. అందులో 20 మిల్లీసెకన్లకు ఒకసారి, ప్రొఫైల్‌లో 10కి ఒకసారి నమూనా తీస్తారు. డిఫాల్ట్‌తో పడే భారం 1 శాతం దాటకూడదన్నది ఓపెన్ సోర్స్ చేసినప్పుడు పెట్టుకున్న లక్ష్యం. ప్రొఫైల్‌తో కాస్త ఎక్కువే, కానీ రెండు నిమిషాలకు భయపడక్కర్లేదు. ఆ రెండు నిమిషాలూ రద్దీ నడుమ తీసినవై ఉండాలి. జనం వెళ్లిపోయాక తీసిన రికార్డింగ్, జ్వరం దిగాక పెట్టిన థర్మామీటర్.

ఫైలును మీ కంప్యూటర్‌కు తెచ్చుకుని జేడీకే మిషన్ కంట్రోల్‌లో తెరవండి. సీపీయూ మండుతున్న కేసు తేలిక. మెథడ్ ప్రొఫైలింగ్ పేజీలో ఎక్కువ నమూనాలు ఎక్కడ పడ్డాయో అక్కడ మొదలుపెట్టడమే.

ఎదురుచూపుల కేసులో ఆ పేజీ దండగ. ఆగి ఉన్న థ్రెడ్‌కు అక్కడ నమూనా పడదు. తాళాల పేజీకి వెళ్లాలి. పాత అప్లికేషన్లలో తరచూ దొరికే దొంగ లాగ్‌ఫర్‌జే 1. అందులో లాగ్ రాయబోయే ప్రతి థ్రెడ్డూ కాల్ అపెండర్స్ అనే మెథడ్‌లో తాళం కోసం వరుస కడుతుంది. డిస్క్ నెమ్మదిస్తే వందల థ్రెడ్లు తలా ఒక వాక్యం రాయడానికి నిలబడిపోతాయి. అపాచీ వాళ్లు దాన్ని 2015లోనే వదిలేశారు. అప్లికేషన్లు వదలాలి గదా!

తాళాల్లోనూ ఏమీ దొరకనప్పుడు నా అనుమానం గడప మీదికి పోతుంది. జేడీకే 17, 21లలో తాళం, సాకెట్, ఫైలు సంఘటనలకు డిఫాల్ట్‌లో 20, ప్రొఫైల్‌లో 10 మిల్లీసెకన్ల గడప ఉంది. అంతకన్నా తక్కువ సేపు పట్టినవి రికార్డుకెక్కవు. ఒక పేజీ కోసం డేటాబేస్‌కు 400 క్వెరీలు, ఒక్కోటి 6 మిల్లీసెకన్ల చొప్పున వెళ్లాయనుకోండి. దాదాపు రెండున్నర సెకన్లు అక్కడే పోయాయి, సాకెట్ పేజీలో మాత్రం ఒక్క గీతా ఉండదు. అప్పుడు ప్రొఫైల్ సెట్టింగ్స్ ఫైలుకు నకలు తీసి, సాకెట్ రీడ్ గడపను 1 మిల్లీసెకనుకు దించి, ఆ నకలు దారిని సెట్టింగ్స్‌కు ఇచ్చి మళ్లీ రికార్డు చేయాలి. ఈసారి ఫైలు బాగా బరువెక్కుతుంది, ఒక్క నిమిషం చాలు.

రికార్డింగ్‌ను ఇంకో టీమ్‌కో బయటి సపోర్ట్ వాళ్లకో పంపాల్సి వస్తే ముందు ఒక పని ఉంది. ప్రాసెస్ మొదలైనప్పటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, సిస్టమ్ ప్రాపర్టీలు, కమాండ్ లైన్ అన్నీ అందులో ఉంటాయి. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను అక్కడ పెట్టే అలవాటుంటే అదీ ఉంటుంది. జేడీకే 19 నుంచి జేఎఫ్‌ఆర్ స్క్రబ్ అనే కమాండ్ ఇచ్చారు. ఫలానా సంఘటనలు వద్దంటే వాటిని తీసేసి వేరే నకలు రాసిస్తుంది. పంపాల్సింది ఆ నకలు.